ఎలివేషనూ, అమ్మ చీరా

పదకొండున్నర దాటింది. ఈయన గురక మొదలుపెట్టి గంటయింది. నాకు మాత్రం నిద్ర రావట్లేదు. ఎందుకో చెప్తే నవ్వుతారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక మెసేజ్ వల్ల.

"బాల్కనీ రెయిలింగ్ మీద బట్టలు ఆరేయరాదు, ఎలివేషన్ పాడవుతోంది" అని పొద్దున్న అసోసియేషన్ వాళ్ళు పెట్టారు. ఎలివేషన్ అంటే బిల్డింగు బయటికి కనపడే అందం. ఫ్లాట్ నంబరు రాయలేదు గానీ, రోజూ రెయిలింగ్ మీద ఆరేది మా అమ్మ చీర ఒక్కటే అని ఐదంతస్తులకీ తెలుసు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, తన చీర తనే జాడించుకుని, తనే పిండుకుని, ఎండ తగిలేలా ఆరేసుకుంటుంది. మెషీన్లో వెయ్యనివ్వదు. సరే, అక్కడితో ఆగినా పోనీలే అనుకునేదాన్ని. దాని కింద నాలుగో అంతస్తాయన, మొన్నే కొడుకు దగ్గరికి లండన్ వెళ్ళొచ్చినాయన, "ఇంగ్లండులో ఎక్కడా బట్టలు బయటికి కనపడవండీ, పల్లెటూళ్ళు కూడా అద్దంలా ఉంటాయి, మనవాళ్ళకెప్పుడొస్తుందో ఆ సివిక్ సెన్స్" అని రాసి, రాతిగోడలూ గులాబీ తీగలూ గొర్రెలూ ఉన్న ఫొటోలు పన్నెండు పెట్టారు. పన్నెండూ చూశాను. ఒక్కదాంట్లో కూడా మనిషన్నవాడు లేడు. కింద ఇరవై ఆరు బొటనవేళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. నాలుగో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా నేను పెరిగిన ఇంగ్లండు ఊళ్ళో వీధికి అడ్డంగా దండేలు కట్టి ఆరేసేవాళ్ళండీ అని రాయడం మొదలుపెట్టాను. రాసి చెరిపేశాను. మళ్ళీ రాశాను. కూర అడుగంటింది. చిన్నది వచ్చి స్టవ్ కట్టేసి, "అమ్మా, నువ్వు ఫోన్లో ఎవర్నో తిడుతున్నావు కదూ" అంది.

ఆ ఊరి పేరు హోర్డెన్. డర్హమ్ కౌంటీలో సముద్రం ఒడ్డున బొగ్గుగని ఊరు. కంపెనీ కట్టించిన ఇటుక ఇళ్ళు, వరస తర్వాత వరస. వీధులకి పేర్లు ఆలోచించే ఓపిక కూడా లేనట్టు ఫస్ట్ స్ట్రీట్, సెకండ్ స్ట్రీట్ అంటూ పదమూడు దాకా అంకెలేసుకుంటూ పోయారు. సముద్రం అడుగుకి పోయి మరీ తవ్వేవాళ్ళు. గనిలోంచి వచ్చిన రాయీ రప్పా తెచ్చి ఒడ్డున పోస్తే ఇసుకంతా నల్లబడి ఉండేది. సముద్రపు ఒడ్డంటే నలుపే అనుకున్నాను నేను, బాపట్ల దగ్గర సూర్యలంక చూసేదాకా. గులాబీ తీగలు నాకు గుర్తులేవు. పెద్ద పెద్ద ఉల్లికాడల్లాంటి లీకులు పెంచి ఎవరివి లావో పోటీలు పెట్టుకునేవాళ్ళు, పావురాలకి చెక్క గూళ్ళు కట్టి పందేలకి వదిలేవాళ్ళు, అవి గుర్తున్నాయి. నాన్నగారు అక్కడ డాక్టరు. ఆయన దగ్గరికొచ్చేవాళ్ళ చేతుల మీద నీలం గీతలు ఉండేవి. గాయంలో బొగ్గు దుమ్ము పడి చర్మం మూసుకుపోతే అలా పచ్చబొట్టులా మిగిలిపోతుందిట.

ఇళ్ళ వెనక సందు. అసలు ఊరంతా ఆ సందుల్లోనే ఉండేది. ముందు తలుపు శవం వెళ్ళడానికీ, డాక్టరు రావడానికీ అన్నట్టు, ఎప్పుడూ మూసే ఉండేది. వెనక చిన్న పెరడు, బొగ్గు గది, దానికి సందులోకి చిన్న తలుపు. గనివాళ్ళకి జీతంతో పాటు బొగ్గు కూడా ఇచ్చేవారు, లారీ వచ్చి ఎవరి వాటా వాళ్ళ గుమ్మం దగ్గర కుప్పగా దింపిపోయేది, దాన్ని పారతో ఆ చిన్న తలుపులోంచి లోపలికి విసరాలి. ఇటు గోడకో కొక్కెం, అటు గోడకో కొక్కెం, మధ్యలో సందుకి అడ్డంగా దండెం, కిందకి జారకుండా గెడకర్ర. బట్టలుతికే రోజు సోమవారం. సోమవారం ఆ సందు చివర నుంచుంటే దుప్పట్లు తప్ప ఆకాశం కనపడేది కాదు.

అమ్మ చీర మీద నాకున్న జ్ఞాపకం ఒకటే, అదీ సెలవుల్లో. బాగా గాలి వేస్తోంది. తెల్ల దుప్పట్ల మధ్య అమ్మ మెంతిరంగు మంగళగిరి చీర, మడత విప్పి ఆరేస్తే ఆ సందు వెడల్పు చాలక చివర మళ్ళీ వెనక్కి మడిచింది. అది గాలికి లేచి లేచి పడుతోంది. బొగ్గు లారీ సందు మొదట్లోకొచ్చి హారన్ కొట్టింది. కొట్టగానే ఆడవాళ్ళంతా గెడకర్రలు పట్టుకుని బయటికొచ్చి, తలా ఒక దండెం పైకెత్తి పట్టుకుంటే, లారీ ఆ దుప్పట్ల కిందగా, ఊరేగింపులో పల్లకీలాగా, మెల్లగా కదిలింది. అమ్మ మేడమీద ఉంది, వినిపించలేదు. నేను అక్కడే ఉన్నాను గానీ గెడ ఎత్తే బలం లేదు నాకు, ఏడుపు మాత్రం వచ్చేసింది. ఎదురింటావిడ, అప్పటికే అరవై దాటిన మనిషి, తన దండెం వదిలేసి పరిగెత్తుకొచ్చి మా చీర లాగేసి పొత్తిళ్ళలో బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. లారీ వెళ్ళింది. ఆవిడ దుప్పటి రెండో కొసకి బొగ్గు అంటింది. ఆవిడేమీ అనకుండా చీర ఒక కొస నా చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని దూరంగా నడిచి, సాగదీసి, మళ్ళీ నా దగ్గరికి నడిచొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, అలా మడతపెట్టింది. అమ్మా అమ్మమ్మా తెనాలిలో ఎలా మడతపెట్టేవాళ్ళో అచ్చం అలాగే.

ఇదంతా గ్రూపులో రాసేద్దామనుకున్నాను, నాలుగో అంతస్తాయన నోరు మూయించాలని. రాస్తూ రాస్తూ ఒక దగ్గర ఆగిపోయాను. ఆదివారం సంగతి గుర్తొచ్చింది.

ఆదివారం అక్కడ దండెం మీద ఒక్క రుమాలు కూడా ఉండకూడదు. చాపెల్‌కి, అంటే చిన్న చర్చికి, వెళ్ళేవాళ్ళూ వెళ్ళనివాళ్ళూ అందరికీ అదే రూలు. మేం కొత్తగా వెళ్ళినప్పుడు అమ్మకి తెలీక ఆదివారం ఉతికి ఆరేసింది, నాన్న ఇంట్లో ఉండి నన్ను పట్టుకునేది ఆ ఒక్కరోజే కదా మరి. ఇదే ఎదురింటావిడ తలుపు కొట్టి, "నాట్ ఆన్ ఎ సండే, పెట్" అని మెత్తగా చెప్పి వెళ్ళింది. అమ్మకి మొదటి సగం అర్థం కాలేదు, రెండో సగం బాగా అర్థమైంది. "నన్ను పట్టుకుని పెట్టా అంటుందండీ, కోడిపెట్టలా కనిపించానా" అని సాయంత్రం నాన్న దగ్గర ఒకటే ఏడుపు. అక్కడ పెట్ అంటే మనం అమ్మా, తల్లీ అన్నట్టేనని నమ్మడానికి అమ్మకి నెలలు పట్టింది. కాబట్టి ఇంగ్లండులో బట్టలకి రూలు లేదని నేనెలా రాయను? ఉంది. మా అసోసియేషన్ కంటే గట్టిది, దేవుడి సంతకంతో.

ఇంకోటి కూడా ఉంది, అదే అసలు నిద్ర పట్టనివ్వనిది. 1984 మార్చిలో గనివాళ్ళ సమ్మె మొదలైంది. ఏడాది పాటు. జీతాల్లేవు, జీతంతో వచ్చే బొగ్గూ లేదు. జనం సంచులేసుకుని నల్లటి ఒడ్డు మీద అలలు తెచ్చిపడేసే బొగ్గు ఏరుకునేవాళ్ళు, చంటిపిల్లల్ని తోసుకెళ్ళే పాత బళ్ళలో, సైకిళ్ళ మీద వేసుకుని ఇంటికి నడిపించుకుంటూ పోయేవాళ్ళు. మాది కొన్న బొగ్గు, మా పొగగొట్టం ఆగలేదు. లారీ రావడం మానేసింది కాబట్టి దండేలు ఎత్తాల్సిన పనీ లేకుండా పోయింది. ఒకరోజు ఎదురింటావిడ దుప్పట్లు తీస్తుంటే పక్కన నుంచుని, పదేళ్ళదాన్ని, ఇంగ్లీషు బాగా వచ్చినదాన్ని, "ఇప్పుడు బట్టలు ఎంత శుభ్రంగా ఉంటున్నాయో కదా" అన్నాను. ఆవిడ ఇద్దరు కొడుకులూ సమ్మెలో ఉన్నారు. ఆవిడ నా వైపు చూసి, "అవును పెట్, చాలా శుభ్రంగా ఉన్నాయి" అంది. క్లిప్పులు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంటూనే ఉంది.

నాలుగో అంతస్తాయనకీ నాకూ ఏమిటి తేడా? అద్దంలా ఉంది అని ఆయనన్నారు, నేనూ అదేగా అన్నది. పైగా 1986లో వెనక్కొచ్చి గుంటూరు బళ్ళో చేరాక, పిల్లలు ఇంగ్లండ్ ఎలా ఉంటుందని అడిగితే మంచూ, కోటలూ, రాణిగారి గుర్రాలూ అని చెప్పాను. బొగ్గు మాట ఎత్తలేదు. మేమొచ్చేసిన మరుసటి ఏడాదే గని మూసేశారు. ఒడ్డున నలుపు తీసి శుభ్రం చేశారు తర్వాత. పెళ్ళయ్యాక ఈయనతో కలిసి ఒకసారి వెళ్ళాను, అంకెల వీధుల్లో కొన్ని ఇళ్ళకి కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి, సందులో చెత్త డబ్బాలు తప్ప ఒక్క దండెం లేదు. కాబట్టి ఆయన రాసింది అబద్ధం కూడా కాదు, ఛ.

జూలైలో డర్హమ్‌లో గనివాళ్ళ పెద్ద జాతరకి నాన్న భుజాల మీద కూర్చుని వెళ్ళేదాన్ని, బ్యాండులూ, ఇంతింత పట్టు జెండాలూ. దాని గురించి రాద్దామనే ఈ రాత్రి కూర్చుంది నిజానికి. ఇంకోసారి.

రాత్రి అన్నాలప్పుడు అమ్మకి మెల్లగా చెప్పాను, రెయిలింగ్ మీద వద్దంటున్నారు, లోపల స్టాండ్ కొంటానని. మజ్జిగ కలుపుకుంటూ విన్నది. "రోజూనా?" అంది. రోజూనే అన్నాను. "అక్కడ ఆదివారం ఒక్కరోజేగా వద్దన్నారు" అంది.

గ్రూపులో నేను టైప్ చేసింది పంపకుండా అలాగే ఉంది. చీర ఇంకా రెయిలింగ్ మీదే ఉంది, సాయంత్రం తీయడం మర్చిపోయాం, ఇప్పుడే వెళ్ళి చూశాను, అంచు దగ్గర ఇంకా కొంచెం తడిగానే ఉంది.