రాహైడ్ కిడ్ 17: పది సెంట్ల పుస్తకం ముందు ఒక ఆదివారం

వాన తెరిపిచ్చింది. గదిలో తేమ 60 శాతం దాటి ఉంటే పాత కాగితం బయటికి తీయకూడదు, అది తేమ పీల్చి మెత్తబడుతుంది, పిన్నుల దగ్గర ముందు లొంగుతుంది. మధ్యాహ్నానికి మీటరు 54కు దిగాక, రాహైడ్ కిడ్ అనే అమెరికన్ కౌబాయ్ కామిక్ 17వ సంచిక బల్ల మీదికొచ్చింది. కవరు మీద ఆగస్టు 1960 అని ఉన్నా, అమెరికా దుకాణాల్లోకి అంతకు రెండు మూడు నెలలు ముందే వచ్చేసిన పుస్తకమిది. పుస్తకం పాతబడినట్టు కనపడకూడదని నెల ముందుకు వేయడం అక్కడి ఆనవాయితీ. కొన్ని కాపీల మీద దుకాణం వాళ్లు వచ్చిన తేదీని పెన్సిల్‌తో రాసి పెట్టుకునేవారు. అలాంటి గీత కనిపిస్తే రబ్బరు పెట్టి చెరపొద్దు. అది మచ్చ కాదు, ఆధారం.

చదివేవాళ్లు నలుగురు చేరితే మొదట లేచే ప్రశ్న ఒకటే: కొత్త పాత్ర మొదలయ్యే సంచికకు 1 అని కాకుండా 17 అని ఎందుకుంది? తర్వాత మార్వెల్‌గా మారిన సంస్థ 1955 మార్చిలో అట్లాస్ పేరుతో మొదలుపెట్టిన రాహైడ్ కిడ్ 16 సంచికలు నడిచి 1957 సెప్టెంబరులో ఆగింది. ఆ ఏడాదే పంపిణీ చూసే అమెరికన్ న్యూస్ కంపెనీ చేతులెత్తేసింది. ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ వెళ్లి ఇండిపెండెంట్ న్యూస్ తలుపు తట్టాడు. ఆ సంస్థ పోటీదారైన డీసీ వాళ్లదే. నెలకు ఎనిమిది పుస్తకాలకు మించి మోయలేమన్నారు. గుడ్‌మన్ పదహారు శీర్షికలను రెండు నెలలకొకటి చొప్పున తిప్పి ఆ ఎనిమిదిలో సర్దుకున్నాడు. అంత ఇరుకులో 1960లో రాహైడ్ కిడ్‌కు చోటిచ్చారు, పాత వరుస సంఖ్యనే కొనసాగించారు. పేరొకటే, మనిషి వేరు. 1959 జనవరిలో టీవీలో రాహైడ్ అనే ధారావాహిక మొదలైంది కాబట్టి దాన్ని చూసి పేరు పెట్టారని చాలామంది అంటారు. లెక్క తప్పు. కామిక్ పేరు నాలుగేళ్లు పెద్దది. తిరిగి తేవడానికి టీవీ గాలి ఊతమిచ్చి ఉంటుందంటే మాత్రం కాదనను.

రచన స్టాన్ లీ, పెన్సిల్ బొమ్మలు జాక్ కర్బీ, వాటి మీద ఇంకు డిక్ ఏయర్స్. లీ, కర్బీల సూపర్‌హీరో కామిక్ ఫెంటాస్టిక్ ఫోర్ రావడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. కథలో హీరో అయిన కుర్రాణ్ని పెంచిన బాబాయి బెన్ బార్ట్ టెక్సస్ రేంజరుగా పనిచేసినవాడు, తుపాకీ విద్య నేర్పిందీ ఆయనే. ఆయన్ను దుండగులు చంపుతారు, కుర్రాడు వాళ్లను పట్టిస్తాడు. రెండేళ్ల తర్వాత, 1962 ఆగస్టు తేదీతో అదే లీ రాసిన స్పైడర్‌మ్యాన్ తొలి కథలోనూ బెన్ అనే బాబాయే చనిపోతాడు. కాకతాళీయమా, అచ్చొచ్చిన సరుకును మళ్లీ వాడటమా అని వాదించుకోవచ్చు. నా ఓటు రెండోదానికే. నెలకు అన్ని పుస్తకాలు రాసే మనిషి పేర్ల కోసం తడుముకుంటాడా?

ఇవాళ ఎక్కువసేపు నలిగింది హీరో చట్టం కళ్లలో నేరస్తుడై ఎందుకు పారిపోతాడన్న సంగతి. 1954లో కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి, కామిక్స్ కోడ్ ప్రకారం పోలీసుల మీద, న్యాయాధికారుల మీద గౌరవం తగ్గేలా రాయకూడదు, నేరస్తుడి మీద సానుభూతి పుట్టించకూడదు, నెత్తురు పారించకూడదు. పరుగెత్తే హీరో కావాలంటే దారి ఒక్కటే: కుర్రాడు తప్పు చేయలేదు, షెరీఫూ చెడ్డవాడు కాదు, మధ్యలో అపార్థం. ఈ ఇరుకు సందులోంచే కథ నడవాలి. అందుకే తూటాలు ఎదుటివాడి చేతిలోని తుపాకీని ఎగరగొడతాయి తప్ప ఛాతీలో దిగవు. మనకు కౌబాయ్ అనగానే 1971 నాటి కృష్ణ సినిమా గుర్తొస్తుంది, దాని వెనక ఇటలీ వెస్టర్న్‌ల దుమ్మూ కసీ ఉన్నాయి. ఈ పుస్తకం వాటన్నిటికంటే ముందుది. ఆ కసి ఇందులో వెతికితే నిరాశే. చూడాల్సింది కర్బీ కొట్లాటలు. పొట్టి కుర్రాడు, చుట్టూ ఆజానుబాహులు, గదంతా గాల్లోకి లేచే మనుషులు. ఒక దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో గీతలోనే తెలిసిపోతుంది, పక్కనున్న మాటలు చదవక్కర్లేదు.

ఇక వస్తువు పరీక్ష. కవరు విడిచి లోపల 32 పేజీలు, అంటే మడిచిన ఎనిమిది కాగితాలు, రెండు పిన్నులు. కథలకు విడివిడిగా అంకెలుంటాయి, ప్రకటనలకు అసలే ఉండవు. అందుకే అచ్చు అంకెల్ని నమ్మకుండా మొదటి పేజీ నుంచి వేలితో లెక్కపెట్టాలి. ఏదైనా పేజీ లేదనిపిస్తే 33లోంచి ఆ సంఖ్య తీసేయాలి. 5 పోతే జత 28, అదీ ఊడిపోయిందేమో చూడాలి. నడిమి కాగితం 15 నుంచి 18 వరకు. ఎక్కువగా జారిపోయేది అదే, అమ్మేవాళ్లు గమనించకుండా పూర్తి కాపీ అనేసేదీ అక్కడే. తర్వాత కూపన్లు. ప్రకటన మూల నుంచి కత్తిరించి పోస్టులో పంపిన చోట, వెనక పేజీలో బొమ్మ సగం పోతుంది. కవరు పై అంచు పూర్తిగా ఉందో లేదో కూడా చూడాలి. అమ్ముడుపోని కాపీల పేరు పట్టీని చింపి తిప్పి పంపితే పంపిణీదారు డబ్బు వాపసిచ్చేవాడు. మిగిలిన పుస్తకం చెత్తలోకి పోవాలి గానీ, చాలావాటిని దొడ్డిదారిన చవగ్గా అమ్మేశారు.

కవరు కుడి అంచున చిన్న చిన్న ముక్కలు లేచిపోయి ఉంటే కంగారు పడక్కర్లేదు. దీన్ని మార్వెల్ చిప్పింగ్ అంటారు. 1950ల చివర, 60ల మొదట్లో మొద్దుబారిన బ్లేడ్లతో అంచులు కోయడం వల్ల కాగితం తెగకుండా చిరిగింది. పుట్టుకతో వచ్చిన లోపమే, అయినా విలువ తగ్గుతుంది. అసలు అనుమానించాల్సింది అంచులు మరీ నున్నగా ఉన్నప్పుడు. ఎవరో మళ్లీ కోసి ఉండొచ్చు. అదే కాలపు మరో సంచిక పక్కన పెట్టి కొలిస్తే మిల్లీమీటర్ల తేడా బయటపడుతుంది.

రంగు దిద్దారేమో చూడటానికి పది రెట్లు చూపించే భూతద్దం చాలు. ఆ రోజుల్లో పసుపు, ఎరుపు, నీలం ఒక్కోటీ సున్నా, 25, 50, 100 శాతాల్లో వేసి 64 రంగులు తెప్పించేవారు. ముఖాల రంగు 25 శాతం పసుపు మీద 25 శాతం ఎరుపు. అద్దంలో చుక్కలు కనపడాలి. చుక్కల మధ్య నునుపుగా రంగు మెత్తినట్టుంటే పెన్నుతో దిద్దినదే. కవరు లోపలివైపు తిప్పితే సిరా ఊరిన నీడ దొరికిపోతుంది. అసలు బొమ్మలు అచ్చుకు దాదాపు రెండింతల సైజులో గీసేవారు. తగ్గించి నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద కొడితే సన్నగీతలు చచ్చిపోతాయి, ఏయర్స్ లావు ఇంకు మాత్రం బతికి బట్టకట్టింది. పాత కామిక్స్‌ను మళ్లీ అచ్చువేసే మార్వెల్ మాస్టర్‌వర్క్స్ వరుసలో 2006లో వచ్చిన రాహైడ్ కిడ్ మొదటి సంపుటం 17 నుంచి 25 వరకు సంచికల్ని తెల్లటి కాగితం మీద వేసింది. చదువుకోవడానికి అదే హాయి. రంగులు మాత్రం ఆ తెలుపు మీద కళ్లలో గుచ్చుతాయి. న్యూస్‌ప్రింట్ గోధుమరంగును లెక్కలో పెట్టుకుని వేసిన రంగులవి.

తెరిచేటప్పుడు 90 డిగ్రీలకు మించి విప్పొద్దు. పాత కాగితంలో కలప నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం వల్ల ఆమ్లం పెరిగి పెళుసుబారుతుంది, కవరు ముందుగా పిన్నుల దగ్గరే ఊడుతుంది. పిన్ను తుప్పు పట్టిందా, చుట్టూ కాగితం నారింజ రంగుకు తిరిగిందా, పక్కన అదనపు రంధ్రాలున్నాయా అన్నవి మూడూ చూడాలి. అదనపు రంధ్రమంటే పిన్ను మార్చారని. ఊడిన చోట సెల్లో టేపు వేయడం కంటే ఊడినట్టే ఉంచడం మేలు. టేపు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చవుతుంది, పీకితే అచ్చుతో సహా వస్తుంది.

భద్రపరచడానికి 7⅛ అంగుళాల వెడల్పు, 10½ అంగుళాల ఎత్తున్న సిల్వర్ ఏజ్ (ఈ పుస్తకం నాటి కామిక్స్ కాలం) సైజు మైలార్ సంచి, అంటే పారదర్శకమైన పాలియెస్టర్ సంచి. ఇప్పటి పుస్తకాల సంచి ఇరుకై మూలలు మడతపడతాయి. వెనక ఆమ్లం లేని అట్ట. చవక ప్లాస్టిక్ సంచులైతే కొన్నేళ్లకొకసారి మార్చాలి. పెట్టెలో నిలబెట్టాలి, ఒరిగిపోనంత బిగువుగా, లాగితే వచ్చేంత వదులుగా. మన వానాకాలానికి సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు. కలరా ఉండలు వద్దు. ఆ వాసన కాగితానికి పట్టిందంటే వదలదు.

సాయంత్రం వాదన డబ్బు మీదికి మళ్లింది. పుస్తకం స్థితికి పదికి 6 గ్రేడుండి రంగు దిద్దిన కాపీనా, 3.5 గ్రేడుతో ఎవరూ దిద్దని కాపీనా? పేజీలూ కూపన్లూ పూర్తిగా ఉంటే రెండోదే కొనాలి. అరిగిన వీపు, మడత పడిన మూల, ఎవరో పిల్లాడు రాసుకున్న పేరు, ఇవన్నీ ధర తగ్గిస్తాయి గానీ చదవడానికి అడ్డురావు. దిద్దిన రంగును తిరిగి తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు. 17 అందకపోతే 18 నుంచి 32 వరకు ఏదైనా పర్లేదు, అంతవరకూ కర్బీయే గీశాడు, ధర కూడా బాగా దిగుతుంది. 1962 మొదటికల్లా కవరు మీద పది బదులు 12 సెంట్లు కనపడతాయి.