అడాప్టర్ మీద 230 వాట్లు, బయోస్‌లో 180

నాలుగు రాత్రులు నిద్ర పాడుచేసిన చిక్కుముడి ఈ రోజు వీడింది. ఆ ఉత్సాహం చల్లారకముందే అంకెలన్నీ రాసిపెట్టుకుంటున్నాను.

నా లాప్‌టాప్‌లో సమస్య పాతదే. ఆట మొదలుపెట్టిన రెండు గంటల పది నిమిషాలకు సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేములు (బొమ్మలు) 90 నుంచి 50కి పడిపోతున్నాయి. వేడి వల్ల కాదు, గ్రాఫిక్స్ చిప్ 74 డిగ్రీల దగ్గరే ఉంటోంది. అసలు కారణం బ్యాటరీ. ప్లగ్గు పెట్టే ఉన్నా అరగంటకు 16 శాతం దిగుతోంది. నాది 60 వాట్‌అవర్ల బ్యాటరీ కాబట్టి అరగంటలో 9.6 వాట్‌అవర్లు ఖర్చవుతున్నాయి, అంటే 19 వాట్ల లోటు. వెంట వచ్చిన అడాప్టర్ 180 వాట్లది. గ్రాఫిక్స్ చిప్‌కు 115, ప్రాసెసర్‌కు 50 నుంచి 55, తెర, ఫ్యాన్లు, మిగతావాటికి ఇంకో 30 అనుకుంటే 200 దగ్గర తేలుతుంది. ఆ లోటును బ్యాటరీ మౌనంగా భరిస్తోంది. అది 30 శాతానికి రాగానే లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌కు కోత పెడుతోంది.

అందుకని వేరే తయారీదారు చేసిన 230 వాట్ల అడాప్టర్ కొన్నాను. 19.5 వోల్టులు, 11.8 ఆంపియర్లు, అదే 7.4 మిల్లీమీటర్ల ప్లగ్గు. పెట్టాను, ఆడాను. అరగంటకు మళ్లీ అదే 16 శాతం! ఒక్క శాతం కూడా తేడా లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఒక్క శాతమే. 50 వాట్లు పెరిగితే ఎంతో కొంత మార్పు కనబడాలి కదా.

మొదట అనుమానించింది గోడ సాకెట్‌నూ ఎక్స్‌టెన్షన్ బోర్డునూ. మార్చి చూస్తే అంతా మామూలే. రెండో అనుమానం, అడాప్టర్ మీద వేసిన అంకె అబద్ధమేమోనని. దీన్ని తేల్చడానికి 15 సెంటీమీటర్ల జంపర్ చేశాను: ఒక చివర సాకెట్, మరో చివర ప్లగ్గు, మధ్య పిన్ను తీగ కూడా తెగకుండా మూడు తీగలూ అటు నుంచి ఇటు. మధ్యలో ఇన్సులేషన్ కాస్త ఒలిచి మల్టీమీటర్ ముళ్లు ఆనించాను, ప్లస్ తీగ చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ (తీగ తెంచకుండా కరెంటు కొలిచేది) పెట్టాను. ఆట నడుస్తుండగా వచ్చిన అంకెలు:

పాత 180: అడాప్టర్ దగ్గర 19.5 వోల్టులు, ప్లగ్గు దగ్గర 19.1, కరెంటు 9.4 ఆంపియర్లు, గోడ మీటర్ (సాకెట్ నుంచి లాగే శక్తి చూపేది) మీద 203 వాట్లు.
కొత్త 230: అడాప్టర్ దగ్గర 19.6, ప్లగ్గు దగ్గర 18.9, కరెంటు 9.5, గోడ మీటర్ మీద 206.

ముందు నా కన్ను ఆ 0.7 వోల్టుల పతనం మీద పడింది. 9.5 ఆంపియర్లకు 0.7 వోల్టులంటే 74 మిల్లీఓమ్‌లు. తీగ పొడవు 1.8 మీటర్లు, రానూపోనూ 3.6. మీటరుకు 21 మిల్లీఓమ్‌ల చొప్పున లెక్కకు దిగుతుంది, అది 18 గేజీ రాగి తీగ నిరోధం. 11.8 ఆంపియర్లు మోయాల్సిన తీగకు ఇంత సన్నం పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. అర్ధగంటకే తీగ గోరువెచ్చగా తగులుతోంది. గోడ దగ్గర పెరిగిన 3 వాట్లూ ఈ తీగలోనే కాలిపోతున్నాయి. ఇదే దోషమని ఒక రాత్రంతా నమ్మాను. అది తప్పు.

నిజానికి చూడాల్సింది ప్లగ్గు దగ్గరి వోల్టులనూ కరెంటునూ కలిపి. 19.1ని 9.4తో, 18.9ని 9.5తో గుణించి చూడండి. రెండూ 180 వాట్లే! అడాప్టర్ శక్తి చాలకపోతే వోల్టేజీ కూలాలి, లేదా అడాప్టర్ తనంతట తాను ఆగిపోవాలి. ఇక్కడ అవేవీ లేవు. లాప్‌టాపే 180 దగ్గర గీత గీసుకుని కూర్చుంది.

బయోస్ (లాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్) తెరిచి చూశాను. అడాప్టర్ వరుసలో 180 వాట్లు అని ఉంది. జంపర్ తీసేసి నేరుగా పెట్టి చూశాను, 180. ప్లగ్గు మధ్య పిన్నును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, అప్పుడూ 180. ప్లగ్గు మధ్య ఉన్న సన్నటి పిన్ను కరెంటు కోసం కాదు, అడాప్టర్ తన సామర్థ్యం చెప్పుకోవడానికి. బహుశా 180 వాట్ల రకానికి వాడే గుర్తింపు చిప్పునే తయారీదారు ఇందులోనూ పెట్టేసి ఉంటాడు. అలాంటప్పుడు లోపల 230 ఉన్నా 330 ఉన్నా లాప్‌టాప్ దాన్ని తాకదు.

ఈ విషయంలో లెనోవో చదరపు ప్లగ్గు పద్ధతే నాకు ఇష్టం. అందులో ఒక రెసిస్టర్ విలువే గుర్తింపు, మల్టీమీటర్‌తో ఇట్టే తేలిపోతుంది. డెల్ లాంటి చిప్పు పద్ధతిలో లోపల ఏం రాసుందో బయటికి కనబడదు.

స్నేహితుడి దగ్గర నా లాప్‌టాప్ తయారీదారుదే 240 వాట్ల అడాప్టర్ తెచ్చి పెట్టాను: బయోస్‌లో 240, గోడ దగ్గర 227, మూడు గంటలు ఆడినా బ్యాటరీ 100 శాతం. ప్రయాణాలకు తీసుకున్న 100 వాట్ల టైప్-సీ ఛార్జర్ కూడా రాతపనికి చక్కగా సరిపోతోంది. 2021లో వచ్చిన పీడీ 3.1 (టైప్-సీ ద్వారా కరెంటు అందించే పవర్ డెలివరీ) ప్రమాణం 48 వోల్టుల దగ్గర 240 వాట్ల దాకా ఇవ్వగలదు కానీ నా లాప్‌టాప్ పోర్టు 20 వోల్టులు దాటి తీసుకోదు.

240 అడాప్టర్ స్నేహితుడికి తిరిగి ఇచ్చేయాలి. అలాంటిదే ఒకటి కొంటాను, ఈసారి బయోస్‌లో అంకె చూపించాకే డబ్బు చేతికిస్తాను. ఆలోపు గ్రాఫిక్స్ చిప్‌ను 95 వాట్లకు కట్టేసి ఆడి చూడాలి. నా లెక్క ప్రకారం లోటు పూర్తిగా పూడుతుంది, ఫ్రేములు ఆరేడుకు మించి తగ్గవు.

230 అడాప్టర్‌ను మాత్రం వదలను. అది నిజంగా 11.8 ఆంపియర్లు ఇస్తుందో లేదో తెలియాలి. లాప్‌టాప్ బదులు దాని మీద భారంగా 50 వాట్ల, 10 ఓమ్‌ల రెసిస్టర్లు ఆరు సమాంతరంగా కలిపితే 1.67 ఓమ్‌లు, 19.5 వోల్టుల దగ్గర 228 వాట్లు. ఒక్కో రెసిస్టర్ మీద 38 పడుతుంది. పాత కంప్యూటర్ ప్రాసెసర్ కూలర్ల అల్యూమినియం దిమ్మెలు రెండున్నాయి, వాటికి మూడేసి బిగించి ఫ్యాన్లు నడిపిస్తాను. శనివారం టంకం పని.