రెలిగేషన్ తర్వాతి ఏడాది: బ్లాక్‌బర్న్ రోవర్స్, 2012-13

2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగాన్ చేతిలో 0-1తో ఓడి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్ అక్కడి అగ్ర డివిజన్ ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి పడిపోయింది. దీన్నే రెలిగేషన్ అంటారు. 38 మ్యాచ్‌ల్లో 31 పాయింట్లు, 19వ స్థానం. 1995లో ఇదే లీగ్ గెలిచిన క్లబ్ ఇది. యజమానులు వెంకీస్, అంటే హైదరాబాద్‌లో పుట్టి పుణేలో పెద్దదైన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం. తెలుగువాళ్ళలో ఈ క్లబ్ పేరు విన్నవాళ్ళకి అది సాధారణంగా వాళ్ళ వల్లే తెలుసు. రెలిగేషన్ గురించి చాలానే రాశారు. నాకు మాత్రం ఆ తర్వాతి సీజన్‌లోనే ఎక్కువ సంగతి కనిపిస్తుంది. డబ్బు ఉంది, గోల్స్ కొట్టేవాడు ఉన్నాడు, అయినా రెండో డివిజన్ చాంపియన్‌షిప్‌లో 17వ స్థానం. ఎందుకలా?

ముందు డబ్బు. 2011-12లో ప్రీమియర్ లీగ్ అట్టడుగున ఉన్న క్లబ్‌కి కూడా టీవీ వాటాగా దాదాపు 4 కోట్ల పౌండ్లు వచ్చాయి. కిందికి దిగితే ఆ ఆదాయం ఒక్కసారిగా పోతుంది, ఆటగాళ్ళ కాంట్రాక్టులు మాత్రం పాత రేట్లలోనే నడుస్తుంటాయి. ఆ దెబ్బ కాచుకోవడానికే పారాచూట్ చెల్లింపులు. అప్పటి నిబంధన ప్రకారం నాలుగేళ్ళలో మొత్తం 4.8 కోట్ల పౌండ్లు: మొదటి రెండేళ్ళూ ఏటా 1.6 కోట్లు, చివరి రెండేళ్ళూ ఏటా 80 లక్షలు. మూడో ఏట సగానికి పడిపోతుంది కాబట్టి తిరిగి పైకెక్కాలంటే మొదటి రెండేళ్ళే అసలైన అవకాశం. తెలివైన క్లబ్ కాంట్రాక్టు రాసేటప్పుడే 'రెలిగేట్ అయితే జీతం ఇంత తగ్గుతుంది' అని షరతు పెట్టుకుంటుంది. అది లేకపోతే ఎక్కువ జీతగాళ్ళని వచ్చిన ధరకి వదిలించుకోక తప్పదు.

ఆ వేసవిలో చాలామందే వెళ్ళిపోయారు. యాకుబు చైనాకి, ఎన్‌జోంజీ స్టోక్‌కి వెళ్ళారు. కాంట్రాక్టు ముగిసిన హోయిలెట్ లండన్ క్లబ్ క్యూపీఆర్‌లో చేరాడు. డానీ మర్ఫీ, డిక్సన్ ఎటుహు, లియోన్ బెస్ట్, 36 ఏళ్ళ నూనో గోమెష్ వచ్చారు. ఇంగ్లండ్‌లో ఎప్పుడూ ఆడని కుర్రాళ్ళు పోర్చుగల్ నుంచి కొందరు వచ్చారు. 46 మ్యాచ్‌లున్న డివిజన్‌కి ఈ కలగలుపు కుదరదు. శనివారం మ్యాచ్, ఆదివారం ఒళ్ళు తేరుకోవడం, సోమవారం ప్రయాణం, మంగళవారం మళ్ళీ మ్యాచ్. పేరున్న పెద్ద వయసువాళ్ళు మంగళవారానికి అలిసిపోతారు. పిల్లలేమో తోపులాటకి తట్టుకోలేరు.

కొన్నవాళ్ళలో నూటికి నూరుపాళ్ళూ సరైన ఎంపిక ఒక్కడే, జోర్డన్ రోడ్స్. అంతకుముందు సీజన్‌లో హడర్స్‌ఫీల్డ్ తరఫున మూడో డివిజన్‌లో 36 లీగ్ గోల్స్ కొట్టినవాడు. ఆగస్టు చివర్లో 80 లక్షల పౌండ్లకి వచ్చాడు. అది పెద్ద మొత్తమని చాలామంది అన్నారు. అతని ఆట గమనిస్తే ఆ ధర సబబే అనిపిస్తుంది. బంతి తీసుకుని ముగ్గుర్ని తప్పించుకుంటూ పోయే రకం కాదు. మ్యాచ్‌లో చాలాసేపు కనపడడు కూడా. పక్క నుంచి గోల్ ముందుకి బంతి (క్రాస్) పడే క్షణానికి డిఫెండర్ వీపు వెనక నుంచి అరడుగు ముందుకొస్తాడు, ఆపకుండా ఒక్క తాకుతోనే కొట్టేస్తాడు. ఆ సీజన్‌లో బ్లాక్‌బర్న్ చేసిన 55 లీగ్ గోల్స్‌లో 27 అతనివే. అలాంటివాడికి పక్కల నుంచి బంతి అందాలి. ఎవరు ఏ వైపు ఆడాలో వారం వారం మారిపోతే అది అందదు. బ్లాక్‌బర్న్‌లో సరిగ్గా అదే జరిగింది.

సీజన్ మొదలైంది స్టీవ్ కీన్‌తో. జట్టుని కిందికి దించిన మేనేజర్‌నే (అంటే ప్రధాన కోచ్‌నే) కొనసాగించారు. అభిమానులు అప్పటికి ఏడాదికి పైగా అతను పోవాలని నిరసనలు చేస్తున్నారు. ఫలితాలు బాగానే ఉండి జట్టు పట్టికలో పైనే ఉండగా, తన స్థానం నిలబడే పరిస్థితి లేదంటూ సెప్టెంబర్ చివర్లో రాజీనామా చేశాడు. అసిస్టెంట్ ఎరిక్ బ్లాక్ తాత్కాలికంగా నెల రోజులు నడిపాడు. తర్వాత 1995 జట్టులో డిఫెండర్‌గా ఆడిన హెన్నింగ్ బెర్గ్ వచ్చాడు. పది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 57 రోజులకి ఉద్వాసన. రిజర్వ్ జట్టు కోచ్ గ్యారీ బోయర్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నాడు. జనవరిలో బ్లాక్‌పూల్ నుంచి మైకేల్ ఆపిల్టన్‌ని తెచ్చారు. ఆపిల్టన్‌కి అదే సీజన్‌లో అది మూడో క్లబ్. 67 రోజులకి అతన్నీ తీసేశారు. మళ్ళీ బోయర్.

దీనికి మూలం నిర్ణయాధికారం దగ్గరే ఉందని నా అభిప్రాయం. యజమానులు పుణేలో, మేనేజింగ్ డైరెక్టర్ డెరెక్ షా ఈవుడ్‌లో, వీళ్ళ మధ్య 'గ్లోబల్ అడ్వైజర్' హోదాలో మలేసియా మాజీ ఆటగాడు షెబీ సింగ్. ఎవరి మాట చివరి మాటో మేనేజర్‌కే తెలియకపోతే ఏ ఆటగాణ్ణి అడగాలో, ఎవరిని అడగాలో కూడా తెలియదు.

బెర్గ్ కాంట్రాక్టు కేసు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 2015 జూన్ దాకా ఉన్న ఆ కాంట్రాక్టులో ఒక షరతు ఉంది: మధ్యలో తీసేస్తే మిగిలిన కాలానికి మూల జీతం మొత్తం చెల్లించాలి. లెక్క కడితే 22.5 లక్షల పౌండ్లు. క్లబ్ మొదట బాకీ ఒప్పుకుంది. తర్వాత మాట మార్చి, ఆ షరతుకి ఒప్పుకునే అధికారం మేనేజింగ్ డైరెక్టర్‌కి లేదని వాదించింది. 2013 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ మాట మార్పుని అనుమతించలేదు. మొత్తం ముందే రాసి ఉంది కాబట్టి బెర్గ్‌కి వేరే ఉద్యోగం దొరికినా అందులో కోత పడదు. మేనేజర్ కాంట్రాక్టులో మూడు, ఆరు లేదా పన్నెండు నెలల జీతానికి పరిమితి పెట్టుకోవడం ఎందుకు అవసరమో ఈ ఒక్క కేసు చెబుతుంది. పది మ్యాచ్‌ల మనిషి కోసం పెట్టిన ఆ ఖర్చుతో ఈ డివిజన్‌కి పనికొచ్చే ఒక వింగర్‌ని, అంటే పక్కల్లో ఆడి బంతి అందించేవాణ్ణి, కొనుక్కోవచ్చు.

ఇంత గందరగోళంలోనూ ఫిబ్రవరి 16న ఎఫ్ఏ కప్‌లో (అన్ని డివిజన్ల జట్లూ ఆడే నాకౌట్ పోటీ) ప్రీమియర్ లీగ్ జట్టు ఆర్సెనల్‌ని వాళ్ళ ఎమిరేట్స్ మైదానంలోనే 1-0తో ఓడించారు. ఓల్సన్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ షెజ్నీ ఆపినా పట్టుకోలేకపోయాడు. తిరిగొచ్చిన బంతిని కజీమ్ రిచర్డ్స్ లోపలికి పంపాడు. లీగ్‌లో పనికిరాని పద్ధతి అక్కడ పనిచేసింది: అందరూ వెనక్కి వచ్చి కాచుకోవడం, దొరికిన ఒక్క అవకాశాన్ని వాడుకోవడం. చాంపియన్‌షిప్‌లో ప్రత్యర్థులు ఈవుడ్‌కి వచ్చి అదే పని చేస్తారు, బంతి మనకే వదిలేస్తారు. క్వార్టర్ ఫైనల్లో అదే డివిజన్ జట్టు మిల్‌వాల్‌తో 0-0, డ్రా అయినందుకు మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో (రీప్లే) సొంత మైదానంలో 0-1. వారం తిరక్కుండానే ఆపిల్టన్‌ని పంపేశారు.

చివరికి 14 గెలుపులు, 16 డ్రాలు, 16 ఓటములు, 58 పాయింట్లు. 54 పాయింట్లు తెచ్చుకున్న పీటర్‌బరో ఆ ఏడాది మూడో డివిజన్‌కి దిగిపోయిందంటే ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. ఆరో స్థానంలో ఉండి ప్లేఆఫ్‌కి (ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళే చివరి చోటు కోసం మూడు నుంచి ఆరు స్థానాల జట్లు ఆడే పోటీ) వెళ్ళిన లెస్టర్‌కి 68 పాయింట్లే. అంటే పది పాయింట్ల తేడా. 16 డ్రాల్లో అయిదు గెలుపుగా మారి ఉంటే ఆ లోటు పూడిపోయేది. బ్లాక్‌బర్న్‌తోపాటే పైనుంచి దిగిన బోల్టన్ అక్టోబర్‌లో ఒక్కసారి మేనేజర్‌ని మార్చి 68 పాయింట్లు తెచ్చుకుంది, గోల్ తేడాతో (చేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలే లెక్క) మాత్రమే ప్లేఆఫ్ పోగొట్టుకుంది. వుల్వ్స్ 51 పాయింట్లతో వరసగా రెండో ఏడూ రెలిగేట్ అయింది.

వేసవిలో బోయర్‌ని పూర్తికాలం మేనేజర్‌గా నియమించారు. రోడ్స్ ఉన్నాడు, డగౌట్‌లో ఏడాదంతా ఒకే మనిషి. 2013-14లో 70 పాయింట్లు, ఎనిమిదో స్థానం, ప్లేఆఫ్‌కి రెండు పాయింట్ల దూరం. పారాచూట్ సొమ్ములో పెద్ద వాటా వచ్చే ఏళ్ళు అప్పటికి రెండూ అయిపోయాయి.