పదకొండు అడుగుల గదిలో పోర్ట్రెయిట్ లైటు: నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో పోర్ట్రెయిట్ స్టూడియో పెడదామనుకున్నాను. 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు, సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులు. పెళ్ళి సంబంధాలకి పంపే ఫొటోలు, ఓణీల ఫంక్షన్ పిల్లలు, ఏడాది నిండని పసివాళ్ళు, ఎవరొచ్చినా ఈ గదిలోనే తీయాలి. ఏ లైట్లు కొనాలని ఎవర్నడిగినా ఒకటే మాట: 400 వాట్-సెకండ్ల (ఒక్క మెరుపులో వచ్చే శక్తికి కొలత) ఫ్లాష్‌లు రెండు, వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టెలు, అంటే సాఫ్ట్‌బాక్స్‌లు రెండు, స్టాండ్లు రెండు కలిపి కిట్టు వస్తుంది, తీసేసుకో. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీ కెమెరా షాపుల్లో అడిగినా అదే జవాబు. పెద్ద హాల్లో గ్రూప్ ఫొటోలు తీసేవాళ్ళకి మంచి సలహానే. చిన్న గది లెక్క వేరు. ఆ లెక్కేమిటో తేలేదాకా డబ్బు తీయకూడదనుకుని, లైట్లు అద్దెకి తెచ్చి మా చెల్లిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూశాను.

ముందు ఎల్‌ఈడీ, అంటే ఫ్లాష్‌లా మెరవకుండా వెలుగుతూనే ఉండే లైటు. 60 వాట్ల లైటుకి సాఫ్ట్‌బాక్స్ తగిలించి మొహానికి మూడున్నర అడుగుల దూరంలో పెట్టాను. వెలుగు ఎక్కడ పడుతోందో, ముక్కు నీడ ఎటు పోతోందో కంటికే కనిపిస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దీన్ని మించిన గురువు లేదు. కానీ కాసేపటికే చెల్లి "అన్నయ్యా, కళ్ళు మండుతున్నాయి" అంది. ఫొటోలు పెద్దవి చేసి చూస్తే కింది రెప్పలు బిగుసుకుని ఉన్నాయి. ఎఫ్2.8లో కూడా (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుని వెలుగు ఎక్కువ వస్తుంది, వెనకది మసకవుతుంది) ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలనే సెట్టింగ్, 400కి తగ్గడానికి కుదరలేదు, పసిపిల్ల చెయ్యి ఊపితే షటర్ స్పీడు చాలదు.

తర్వాత 400 వాట్-సెకండ్ల ఫ్లాష్. ఇక్కడ సమస్య తలకిందులైంది. అన్నిటికంటే తక్కువ పవర్, అంటే పదహారో వంతులో పెట్టినా, ఐఎస్ఓ 100లో ఎఫ్5.6 దగ్గర తేలింది. నాకు పెళ్ళికూతురి కళ్ళు మాత్రమే షార్ప్‌గా ఉండి వెనక జడలో పూలు మెత్తగా కరిగిపోవాలి, అంటే ఎఫ్2కి రావాలి. లెన్సుకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే వ్యూఫైండర్ చీకటైపోతుంది. అందుకే ఫ్లాష్ కొనేటప్పుడు ఎంత పైకి వెళ్తుందని కాకుండా ఎంత కిందికి దిగుతుందని అడగండి. చివరికి నేను తీసుకున్నది గోడాక్స్ ఏడీ200. 200 వాట్-సెకండ్లే, కానీ 128వ వంతు దాకా దిగుతుంది, బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా షూట్ ఆగదు. దీని మోడలింగ్ ల్యాంప్, అంటే ఫ్లాష్ మెరిసే ముందు చూసుకోవడానికి వెలిగే దీపం, మరీ చిన్నది, ఆ లోటు నిజమే, ఫోకస్ కోసం గదిలో ట్యూబ్‌లైటు వేసే ఉంచుతాను. ఆ ట్యూబ్‌లైటు రంగు ఫొటోలో కలుస్తుందేమోనని భయపడక్కర్లేదు: ఫ్లాష్ ఆపేసి, అవే సెట్టింగ్స్‌తో ఒక ఫొటో తీయండి, ఫ్రేమ్ పూర్తిగా నల్లగా వస్తే గది వెలుతురు లోపలికి రానట్టే. ఎఫ్2 దగ్గర ఎక్కడైనా కాస్త కనిపిస్తే క్లిక్ కొట్టే ముందు ట్యూబ్‌లైటు ఆపేస్తాను.

లైటు సంగతి ఇలా తేలింది గానీ, నా సమయం ఎక్కువ తిన్నవి గోడలు. మా గదికి లేత ఆకుపచ్చ రంగు. చెల్లి ఎడమ చెంప, అంటే లైటు పడని వైపు, ఫొటోలో జబ్బు చేసినట్టు పచ్చగా వచ్చింది. ఫొటో మొత్తం రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్ మారిస్తే ఆ చెంప బాగుపడి కుడి చెంప గులాబీ రంగుకి తిరుగుతోంది. కుడి వైపు పడేది ఫ్లాష్ వెలుగు, ఎడమ వైపు పడేది గోడకి తగిలి తిరిగొచ్చిన వెలుగు, రెండు రంగుల్ని ఒక్క సెట్టింగ్ ఎలా సరిచేస్తుంది? పెద్ద హాల్లో గోడ దూరంగా ఉంటుంది కాబట్టి ఈ తిరుగు వెలుగు లెక్కలోకి రాదు, నా గదిలో గోడ మనిషికి అయిదడుగుల లోపే ఉంది. మన చామనఛాయ మీద ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

గోడలన్నిటికీ తెల్ల రంగు వేయించాను. రంగు సమస్య పోయింది, కానీ తెలుపు ఇంకా ఎక్కువ వెలుగు విసురుతుంది, నీడలన్నీ చెరిగిపోయి మొహం చదునుగా వస్తోంది. దానికి వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్‌లో నల్ల కాటన్ గుడ్డ కొని, రెండు పక్క గోడలకీ రాడ్డు వేసి కర్టెన్‌లా కట్టాను. మెరిసే పాలిస్టర్ వద్దు, అదీ వెలుగు తిప్పికొడుతుంది. ఈ కర్టెన్లే ఇప్పుడు నా రెండో లైటు. పసిపిల్లలకైతే పూర్తిగా తెరిచేస్తాను, గది అంతా మెత్తని వెలుగు. మగవాళ్ళ ఫొటోకి దవడ గీత కనిపించాలంటే నీడ వైపు కర్టెన్ మూసేస్తాను. మధ్యరకం కావాలంటే సగం. తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి చేతికందేలా ఉంచుకుంటే గడ్డం కింద నీడ తేల్చడానికి పనికొస్తుంది.

సాఫ్ట్‌బాక్స్ 120 సెంటీమీటర్ల ఆక్టా, అంటే ఎనిమిది పలకలది. గదికి మరీ పెద్దదన్నారు. పట్టుచీర కట్టుకుని, నెక్లెస్ పెట్టుకున్న అమ్మాయిని ఫ్లాష్‌కి తగిలించే గిన్నెలాంటి చిన్న రిఫ్లెక్టర్‌తో ఒకసారి, ఈ ఆక్టాతో ఒకసారి తీసి చూడండి. చిన్నదాంతో జరీ మీద, రాళ్ళ మీద తెల్లటి చుక్కలు పొడుచుకొస్తాయి, బంగారం రంగే కనిపించదు. పెద్దదాంతో అదే జరీ మీద వెలుగు పరుచుకుని బంగారం బంగారంలా ఉంటుంది. మన ఫొటోల్లో చీరా నగా మొహంతో సమానం, దీనిదగ్గర రాజీ పడలేదు. ముందు గళ్ళ జాలీలాంటి గ్రిడ్ తగిలిస్తే వెలుగు పక్కలకి పారదు. ఒక్క ఇబ్బంది, నాలుగడుగుల ఆక్టాని కళ్ళకంటే పైకి లేపి వంచితే దాని అంచు సీలింగ్ ఫ్యానుకి తగిలేది. ఫ్యాను తీయించి గోడకి వాల్ ఫ్యాన్ పెట్టించాను. ఏ షాపులోనూ ఇది చెప్పరు, సాఫ్ట్‌బాక్స్ కొనే ముందు ఫ్యాను రెక్కల ఎత్తు కొలుచుకోండి.

లైటు దగ్గరగా పెట్టడంలో ఒక లాభం ఉంది. మొహానికి మూడడుగుల్లో, వెనక తెరకి ఆరడుగుల్లో లైటు ఉంటే తెర మీద పడేది మొహం మీద పడేదాంట్లో నాలుగో వంతే, తెల్ల తెర కూడా బూడిద రంగులోకి వస్తుంది. అదే లైటుని మొహానికి ఆరడుగులకి జరిపితే తెర తొమ్మిదడుగులవుతుంది, దాని మీద దాదాపు సగం వెలుగు పడుతుంది. ఒక్క తెల్ల తెరతోనే నాకు రెండు బ్యాక్‌గ్రౌండ్లు దొరుకుతున్నాయి. కళ్ళజోడు వాళ్ళకి మాత్రం లైటు ఇంకాస్త పైకెత్తి, గడ్డం కొంచెం దించమంటాను, అద్దాల్లో ఆక్టా కనిపించడం ఆగిపోతుంది.

స్టాండు తేలికది కొనకండి. ఇంత పెద్ద ఆక్టా పిల్లల మీద పడితే ప్రమాదం. నేను బరువైన స్టాండు తీసుకుని, కాళ్ళ మీద ఇసుక సంచి వేశాకే ఎవర్నైనా కూర్చోబెడతాను.

ఇప్పటికి ఒక్క ఫ్లాష్‌తోనే నడుస్తోంది. తెర ముదురుగా వచ్చినప్పుడు నల్ల జుట్టు అందులో కలిసిపోతోంది కాబట్టి, తర్వాత కొనబోయేది వెనక నుంచి జడ అంచు మీద పడే స్పీడ్‌లైట్, అంటే కెమెరా మీద పెట్టుకునే రకం చిన్న ఫ్లాష్, దానికో గ్రిడ్.