రైలు రాని ఊళ్ళో రైలు పట్టా

మన హైస్కూలు పాత విద్యార్థుల సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు మెసేజ్ వచ్చింది. మాస్టార్ల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకంటే బాగా చదువుకున్నవాళ్ళు రాస్తే ఆ మాస్టార్లకీ గౌరవం. నేను గంట గురించి రాస్తాను. 1987-88 టెన్త్ బ్యాచ్ వాళ్ళకి ఈపాటికే నవ్వొచ్చి ఉంటుంది. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మన హైస్కూలు గంట అసలు గంటే కాదు. రెండడుగుల రైలు పట్టా ముక్క. ఆఫీసు రూము ముందు వేపచెట్టు కొమ్మకి కొబ్బరి తాడుతో వేలాడేది. కొట్టడానికి పాత ఎడ్లబండి చీల ఒకటి ఉండేది. రైలు కూత కూడా వినపడని కోనసీమలో, నాలుగు వైపులా గోదావరో కాలువో అడ్డమొచ్చే ఊళ్ళో, రైలు పట్టా ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆరో క్లాసులో చేరిన ప్రతివాడూ అడిగేవాడు. మన అటెండరు, అందరికీ బాబాయ్, విసుక్కోకుండా చెప్పేవాడు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. అందులో ఒక ముక్క ఏరు దాటి మనకొచ్చింది. మొదటి రెండు సంగతులూ చరిత్రే, తర్వాత పుస్తకాల్లో చూశాను. మూడోది బాబాయ్ సొంతం. "యుద్ధానికి వెళ్ళాల్సిన పట్టా మనకెలా వచ్చింది బాబాయ్?" అంటే "పంటు పడవ మీద వచ్చిందిరా" అనేవాడు. అడిగినదానికి సమాధానం దొరికినట్టే ఉండేది, ఇంటికెళ్ళేదాకా.

అప్పట్లో ఊళ్ళో చేతి వాచీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవి కూడా చాలావరకు పెళ్ళిలో మావగారు పెట్టినవి. మా నాన్న హెచ్ఎంటీ వాచీ అలాంటిదే. రోజూ పొద్దున్నే కీ ఇచ్చి మళ్ళీ మేకుకి తగిలించేవాడు. అమలాపురమో రామచంద్రపురమో వెళ్ళాల్సి వస్తే తప్ప చేతికెక్కేది కాదు. ఇక మిగతా ఊరంతా నడిచింది ఈ పట్టా ముక్క మీదే. తొమ్మిదిన్నర మొదటి గంటకి మా అమ్మ అన్నం వార్చేది. పదకొండింటి గంటకి అటూ ఇటూగా పోస్టుమాన్ సైకిలు వంతెన దిగేది. 4.20కి ఆగకుండా కొట్టేది పెద్ద గంట. పొలంలో ఆడకూలీలు గట్టెక్కేది దానికే. హోటలాయన బజ్జీల మూకుడు పొయ్యి మీద పెట్టేది దానికే. ఆదివారం గంట ఉండదు కాబట్టి ఆ రోజు మా వీధిలో అన్నాలు రెండయ్యేవి.

మరి గంటకి టైమ్ ఎవరు చెప్పేవాళ్ళు? రేడియో. బాబాయ్‌కి వాచీ లేదు. ఆఫీసు రూములో గోడ గడియారం ఉండేది కానీ రోజుకి నాలుగైదు నిమిషాలు వెనకబడేది. అందుకని పొద్దున్నే హెచ్చెం గారింటి అరుగు మీద కూర్చునేవాడు. లోపల విజయవాడ స్టేషను మోగుతూ ఉండేది. ఆరూ యాభై అయిదుకి సంస్కృత వార్తలు. "ఇయం ఆకాశవాణీ" అనగానే వీధిలో పిల్లలంతా "ప్రవాచకః బలదేవానంద సాగరః" అని అందుకునేవాళ్ళం. ఆ తర్వాత ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఏడూ అయిదుకి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలవుతుంటే హెచ్చెం గారు తన వాచీ సరిచేసుకునేవారు. దాన్ని చూసుకుని బాబాయ్ బడికొచ్చి గోడ గడియారం ముల్లు ముందుకి జరిపేవాడు. అలా ఢిల్లీలో ఏడూ అయిదు మా అమ్మ గంజి వార్చే టైమ్ దాకా నడిచొచ్చేది.

పొద్దుటి పనుల్లో పెద్దది నీళ్ళు. కాలువ నీళ్ళే తాగేవాళ్ళం. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువే గతి. జూన్‌లో "కాలువ వదిలారట" అని ఎవరైనా కబురు తెస్తే పండగ వచ్చినట్టుండేది. తీరా వచ్చేవి ఎర్రనీళ్ళు. అప్పుడు మా నాయనమ్మ చిల్లగింజ తీసేది. చూడ్డానికి చిన్న బొత్తాములా ఉంటుంది. సానరాయి మీద నాలుగు చుక్కలు పోసి గంధంలా అరగదీసి, ఆ ముద్ద బిందెలో వేసి చేత్తో గిర్రున తిప్పి, మూతపెట్టి వదిలేసేది. ముట్టుకుంటే ఊరుకునేది కాదు. గంట పోయాక చూస్తే పైన నీళ్ళు తేటగా, అడుగున వేలెడు మందాన ఒండ్రు. ఆ పైనీళ్ళు కదలకుండా ముంచడం కూడా ఒక విద్యే, నాకెప్పుడూ పూర్తిగా రాలేదు. ఆ రుచి ఏ సీసా నీళ్ళకీ లేదని రాస్తే ఈ సంచికలో బాగానే ఉంటుంది. కానీ రోజుకి పన్నెండు బిందెలు మోసిన మా అమ్మని అడిగితే, కుళాయి మీద చేయి వేసి చూపిస్తుంది.

దీపాల సంగతి మీ అందరికీ తెలిసిందే. కరెంటు ఉండేది, పోవడానికి. సాయంత్రం లాంతరు చిమ్నీ తుడవడం నా వంతు. చిన్న చేయి అయితేనే లోపలికి దూరుతుందని చెప్పి మా అన్నయ్య ఎనిమిదో క్లాసులో తప్పించుకున్నాడు.

పోస్టుమాన్ గురించి ఆగి చెప్పాలి. మన కోనసీమ నుంచి అప్పటికే చాలామంది ఆడవాళ్ళు మస్కట్, కువైట్ వెళ్ళారు, ఇళ్ళల్లో పనికి. మా పక్కింటి పిన్ని మస్కట్‌లో ఉండేది. అంచులకి ఎరుపు, నీలం గీతలున్న కవరు వచ్చేది. వాళ్ళ అత్తగారికి చదువు రాదు కాబట్టి ఉత్తరం చదవడం, జవాబు రాయడం నా పని. బియ్యం అందుతున్నాయా, చిన్నాడికి దగ్గు తగ్గిందా, కొబ్బరికాయ రేటు ఎలా ఉంది. మేము జవాబు రాసి పోస్టు చేసి, అది చేరి, మళ్ళీ ఉత్తరం వచ్చేసరికి దాదాపు నెల. ఈలోగా చిన్నాడికి దగ్గు తగ్గి గవదబిళ్ళలు వచ్చి అవీ తగ్గేవి. ఒకసారి ఉత్తరానికి బదులు క్యాసెట్ వచ్చింది. టేప్‌రికార్డరు ఉన్నవాళ్ళింటికి వీధంతా వెళ్ళాం. పిన్ని ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి పలకరించింది, నన్ను కూడా. చిన్నాడి పేరు వచ్చినప్పుడల్లా టేపు టక్కుమని ఆగేది, కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. మిషన్ పాడైందేమో అన్నాను నేను. వాళ్ళ అత్తగారు మాట్లాడలేదు.

ప్రార్థనలో రోజూ చెయ్యి చాచి చెప్పిన ప్రతిజ్ఞ ఎవరు రాశారో మనకెవరూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా ఆయన, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ రాశారని. అయిదేళ్ళు చెప్పాం, తెలుగు మనిషి తెలుగులో రాసిందని తెలియకుండానే. తెలిసుంటే ఇంకాస్త గట్టిగా చెప్పేవాళ్ళమా అంటే, అనుమానమే. మన దృష్టంతా ఎదురుగా నీడలో బఠాణీల బుట్ట దించుకుంటున్న మామ్మ మీద ఉండేది.

గంట రాత్రిపూట మోగింది నాకు తెలిసి ఒక్కసారే. 1986 ఆగస్టు, గోదావరి వరద. రేడియోలో ధవళేశ్వరం మాట తప్ప వేరే మాట లేదు. ఏటిగట్టు మీద మగాళ్ళంతా ఇసుక బస్తాలతో కాపలా ఉన్నారు. అర్ధరాత్రి దాటాక బాబాయ్ ఆగకుండా కొట్టాడు. ఆ చప్పుడికి మా నాయనమ్మ లేచి మొదట చిల్లగింజల డబ్బా, తర్వాత నన్ను పట్టుకుంది. మన గట్టు నిలిచింది. ఏటి మధ్య లంకల వాళ్ళు అందరూ మన బడికే వచ్చారు. మా తొమ్మిదో క్లాసు గదిలో మూడు కుటుంబాలు, ఒక దూడ. బడి తెరిచాక కూడా బోర్డు మీద ఎవరో సుద్దముక్కతో రాసుకున్న బియ్యం లెక్క అలాగే ఉంది. లెక్కల మాస్టారు దాన్ని చెరపకుండా పక్కనున్న ఖాళీలోనే పాఠం చెప్పారు, రెండు రోజులు.

ఇక అసలు కథ.

1987 సెప్టెంబరు, కలుపు తీతల రోజులు. బాబాయ్‌కి చలిజ్వరం వచ్చింది. గంట డ్యూటీ టెన్త్ వాళ్ళకి అప్పగించారు హెచ్చెం గారు. లీడర్ని కాబట్టి నాకొచ్చింది. గోడ గడియారం వారం ముందే పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లో చెప్పకుండా నాన్న వాచీ పెట్టుకొచ్చాను. ఆ రోజంతా కుడిచేత్తో చేయాల్సిన పనులు కూడా ఎడంచేత్తోనే చేశాను. మధ్యాహ్నం వెనక బెంచీవాడు ఒకసారి చూసిస్తానన్నాడు. ముళ్ళు గిర్రున తిరుగుతుంటే చూడ్డం సరదా అని కీ పైకి లాగి తిప్పాడు. "మళ్ళీ సరిగ్గానే పెట్టాన్రా" అని ఇచ్చాడు. ఇప్పుడతను బ్యాంకు మేనేజరు. పేరు రాయను. చాలామంది డబ్బులు అతని దగ్గరున్నాయి.

పెద్ద గంట కొట్టాను. వాచీలో 4.20. ఊళ్ళో 3.40.

పిల్లలు పెద్ద గంటని అనుమానించరు. నేను చీల కింద పెట్టేలోపు బడి ఖాళీ. హెచ్చెం గారు జీతాల బిల్లుల పని మీద మండలాఫీసుకి వెళ్ళారు. వాచీ ఉన్నది లెక్కల మాస్టారికి ఒక్కరికే. ఆయన వరండాలోకి వచ్చి చెయ్యి చూసుకున్నారు. వాచీ విప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నెమ్మదిగా కీ ఇచ్చి ముల్లు నలభై నిమిషాలు ముందుకి జరిపి, గొడుగు తీసుకుని ఇంటికెళ్ళిపోయారు.

హోటలాయన నూనె కాగబెట్టాడు. పాలు పితకడానికి కూర్చుంటే గేదె చేపలేదట, దిష్టి తగిలిందన్నారు. అసలు గొడవ పొలంలో. ఆడకూలీలు గట్టెక్కేసి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆసామి పొద్దు వైపు చూశాడు, నీడ చూశాడు, ఏదో తేడాగా ఉందని వాళ్ళని దిగమన్నాడు. వాళ్ళు దిగలేదు. ఆయన సైకిలేసుకుని బడికొచ్చాడు, వెనకే నలుగురు ఆడవాళ్ళు తలపాగాలు విప్పుకుంటూ. అప్పటికి నాకు పక్కూరి పిల్లల ద్వారా సంగతి అర్థమై, చీల పట్టుకుని చెట్టుకిందే నిలబడి ఉన్నాను. ఆ పిల్లల బస్సు ఇంకా రాలేదు.

"ఏరా, టైమెంత?" అన్నాడు ఆసామి.

వాచీ చూపించాను. ఆయన నమ్మేశాడు! ఆ క్షణంలో ఊరుకుంటే సరిపోయేది. "తప్పు కొట్టానండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"విన్నారా, తప్పంట. పదండి, దిగండి" అన్నాడు ఆయన వెనక్కి తిరిగి.

అందులో ఒకావిడ మన క్లాసువాడి అమ్మే. కొంగు దోపుకుంటూ తాపీగా అంది: "తప్పయినా ఒప్పయినా గంట గంటేనండి, ఆయ్. మొన్న బాబాయ్ గారు పావుగంట లేటుగా కొట్టినప్పుడు తమరు మమ్మల్ని ముందు గట్టెక్కించారా ఏంటి?"

ఆయన దగ్గర సమాధానం లేదు. సైకిలు స్టాండు తీసి వెళ్ళిపోయాడు. ఆవిడ నా భుజం తట్టి, "రేపు కూడా నువ్వేనా బాబూ గంట?" అంది.

హెచ్చెం గారు కొట్టలేదు. బాబాయ్ కోలుకునేదాకా రోజూ ఆరున్నరకల్లా తన అరుగు మీద ఉండాలన్నారు. పదకొండు రోజులు వెళ్ళాను. సంస్కృత వార్తలు, తర్వాత తెలుగు వార్తలు, అమ్మగారిచ్చిన కాఫీ. ఏడూ అయిదుకి నా చేతే వాచీ సరిచేయించేవారు. నాన్నకి వాచీ సంగతి తెలిసిన రోజు ఏం జరిగిందో ఈ సంచికకి అనవసరం.

1996 నవంబరు తుఫానుకి కొబ్బరి తోటలతో పాటు మన వేపచెట్టూ పోయింది. తర్వాత కరెంటు బెల్లు పెట్టారు. 2004లో కోటిపల్లికి మళ్ళీ రైలొచ్చింది. బాబాయ్ అప్పటికే లేడు. ఇప్పుడు ఏటిలో రైలు వంతెన స్తంభాలు లేచి ఉన్నాయి. రేపు రైలు ఇటు దాటితే మన ముక్క తిరిగిమ్మంటారేమోనని బ్యాంకు మేనేజరు జోకు.

మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు అది మెట్ల కింద, విరిగిన బెంచీల వెనక దొరికింది. ఇద్దరం చెరో చివరా పట్టుకుని ఎత్తాం. మూడోవాడు సుత్తితో కొట్టాడు. టప్ మంది, అంతే. చేతుల్లో పట్టుకుంటే మోగదు, వేలాడాలి. చెట్టు లేదు కానీ పాత వరండాకి దూలం గట్టిగానే ఉంది, చూసొచ్చాను. వచ్చే కలయికకి ఎవరైనా ఒక బారెడు తాడు తీసుకురండి. కొబ్బరి పీచుదే తేవాలి, నైలాన్ వద్దు. టైమ్ మాత్రం నన్నడగొద్దు.