మూడు శ్రుతిలో బ్లూస్: వేలు జారే చోటు వేరు

పియానో మీద సి శ్రుతిలో బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల పాటల బాణీ) అలవోకగా వాయించే చెయ్యి కూడా గిటారిస్టు "ఇ లో అందుకో" అనగానే బిగుసుకుపోతుంది. గిటారు వాళ్లకు అదే హాయి. ఇ, ఎ, బి మూడూ వాళ్లకు తీగ నొక్కకుండానే పలుకుతాయి. కీబోర్డయితే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేయొచ్చు గానీ, అసలు పియానోకి ఆ సౌకర్యం లేదు.

బ్లూస్ స్కేల్ అంటే స, సాధారణ గాంధారం, రెండు మధ్యమాలు, ప, కైశిక నిషాదం. ఇ అంటే మన మూడు శ్రుతి. అక్కడ ఇవి ఇ, జి, ఎ, ఎ షార్ప్ (ఎ కి కుడిపక్కనే ఉన్న నల్ల మెట్టు), బి, డి. ఉన్నది ఒక్కటే నల్ల మెట్టు. సులువే అనిపిస్తుంది, కానీ చిక్కు గాంధారం దగ్గరుంది.

బ్లూస్ రుచిలో సగం సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జారడమే. సి లో నల్ల మెట్టు మీంచి తెల్లదాని మీదికి ఒకే వేలు జారిపోతుంది. ఇ లో జి నుంచి జి షార్ప్‌కి ఎక్కాలి. ఒకే వేలితో ఎక్కితే రెండు విడి దెబ్బలు వినిపిస్తాయి. చూపుడువేలు జి మీద, మధ్యవేలు జి షార్ప్ మీద ముందే ఉంచి, మొదటిదాన్ని తాకీ తాకనట్టు వదలాలి. ఎ7 (ఎ మూలస్వరంగా కలిపి మోగించే స్వరాల గుంపు, అంటే కార్డ్) మీద సి-సి షార్ప్, బి7 మీద డి-డి షార్ప్‌దీ ఇదే తంతు.

బదులుగా ఇ ఇచ్చేదీ ఉంది. ఎ షార్ప్ నుంచి బి, సి షార్ప్ నుంచి డి, ఎఫ్ షార్ప్ నుంచి జి వేలు జారతాయి. వీటిలో చివరి రెండింటికీ సాటివచ్చే జారుళ్లు సి లో కుదరవు. అక్కడి పలుకుల్ని మోసుకురాకుండా వీటి చుట్టూ కొత్తవి అల్లుకోండి.

ఎడమచేతికి రెండు స్వరాలు చాలు: పియానో నడుమ ఉండే మిడిల్ సి కి కిందున్న జి షార్ప్, పైనున్న డి. అది ఇ7. రెండింటినీ అరమెట్టు (నలుపైనా తెలుపైనా పక్క మెట్టుకి) కిందికి దించితే ఎ7, ఇ7 నుంచి అరమెట్టు పైకెత్తితే బి7. బాస్ వాయించేవాళ్లు లేకపోతే ప్రతి బార్ (నాలుగు దెబ్బల ఆవర్తం) మొదట్లో మూలస్వరం కింద తాకి రండి. పన్నెండు బార్లు ఇలా: ఇ7 నాలుగు, ఎ7 రెండు, ఇ7 రెండు, తర్వాత బి7, ఎ7, ఇ7, బి7 ఒక్కొక్కటి.

ఎక్కువమంది తప్పేది అయిదో బార్‌లో. కుడిచెయ్యి జి షార్ప్‌నే పట్టుకు వేలాడుతుంది, కింద ఎడమచెయ్యి జి కి దిగిపోయి ఉంటుంది. రెండూ గీరుకుంటాయి. నాలుగో బార్ మూడో దెబ్బకే కుడిచెయ్యి ఆపేసి, అయిదో బార్‌లో జి తోనో సి షార్ప్‌తోనో అందుకోండి.

సాధన మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 కి పెట్టి, అది బార్ లో 2, 4 దెబ్బల మీద పడేలా అనుకుని. మొదట ఇ, జి రెండే స్వరాలు: రెండు బార్లు వాయించడం, రెండు బార్లు ఊరుకోవడం. ఊరుకున్నప్పుడు కూడా ఎడమచెయ్యి ఆగకూడదు. పన్నెండు బార్లూ లెక్క తప్పకుండా అయిదుసార్లు తిరిగాకే ఎ షార్ప్ కలపండి.