రేణిగుంట నుంచి శంషాబాద్‌కు మా నాయన లాగ్‌షీటు

మా నాయన పొదిలి డిపోలో ముప్పై ఏళ్లు ఆర్టీసీ డ్రైవరుగా చేశాడు. రిటైరయ్యాక నెల్లూరొచ్చి మా దగ్గరే ఉంటున్నాడు. ఏ ఊరి పేరెత్తినా ఆయనకు కిలోమీటర్లూ చెప్పాలి, పట్టే టైమూ చెప్పాలి. తమ్ముడి గృహప్రవేశానికి ఈసారి సింహపురి ఎక్స్‌ప్రెస్ కాదని, రేణిగుంట నుంచి విమానానికి టికెట్లు తీశాను. అది వినగానే అడిగాడు: “ఎంత దూరం మే?”

రోడ్డు మీదైతే తిరుపతి నుంచి హైదరాబాద్ 550 కిలోమీటర్ల పైమాటే. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య మ్యాపులో తిన్నగా గీత గీస్తే దాదాపు 415. టికెట్ మీద గంటా పది నిమిషాలని ఉంది. నాయన వేళ్ల మీదే లెక్క కట్టేశాడు. “సగటు 360 కూడా రాలేదే. నువ్వేమో గంటకు ఐదొందలు పోతుందంటివి?”

మేమెక్కేది రెక్కలకు పంకాలుండే ఏటీఆర్. పైకి చేరాక ఇంచుమించు ఆ వేగంతోనే పోతుంది. అట్లా చూస్తే యాభై నిమిషాలు చాలాలి. మిగతా ఇరవై యాడికి పోయినట్టు?

టికెట్ మీద వేసేది గాల్లో ఉండే టైము కాదు. నిలిపిన చోటు నుంచి చక్రాలు కదిలినప్పటి నుంచి, అవతల మళ్లీ నిలిపేదాకా లెక్క. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. ఇది చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది. “దిగువమెట్ట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మాకూ అంతే. నంద్యాల ఎన్ని కిలోమీటర్లని కాదు, ఘాట్‌కి వేరే టైము ఇయ్యాల.”

నాకు అన్నిటికన్నా నచ్చింది రన్‌వేల సంగతి. రేణిగుంటదీ, శంషాబాద్‌వీ తూర్పు పడమరలుగా ఉంటాయి. మనం పోవాల్సిందేమో ఉత్తరానికి. గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. కాబట్టి లేచాక ఒక తిరుగుడు, దిగేముందు ఇంకొకటి తప్పవు. ఫోన్‌లో మ్యాపు పెట్టి చూపిస్తే నాయన కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. నేను గీసిన గీత గిద్దలూరు పక్కగా పోతోంది. ఆయన సగం సర్వీసు ఆ రోడ్డు మీదే గడిచింది. కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను.

నెల్లూరులో తెల్లారుజామున కారెక్కి, నాయుడుపేట దగ్గర హైవే వదిలి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట చేరాం. ఉత్తరానికి పోవడానికి ముందు దక్షిణానికి రావడం నాయనకు అస్సలు నచ్చలేదు. దగదర్తిలో ఎయిర్‌పోర్టు కడతారని మా జిల్లాలో అందరం ఏళ్లుగా వింటున్నదే. అది వస్తే ఈ తిప్పలుండవు. నేనైతే గట్టిగా కోరుకుంటున్నాను.

విమానం కదలగానే నాయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. లాగ్‌షీటులాగా గళ్లు ముందే గీసుకొచ్చాడు. కదిలింది, లేచింది, దిగింది, ఆగింది అని నాలుగు టైములు. మధ్యలో కొండల నడుమ వెడల్పాటి నీళ్లు కనిపిస్తే “శ్రీశైలం డ్యామ్ నీళ్లే” అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ కాసేపు పెన్ను సంగతే మర్చిపోయాడు.

శంషాబాద్‌లో ఆగాక చూసుకుంటే మొత్తం 68 నిమిషాలు. అందులో గాల్లో 58. కిలోమీటర్ల గడి మాత్రం ఖాళీగా ఉంది. 415 అని నేను గుర్తుచేస్తే తల అడ్డంగా ఊపాడు.

“అది నువ్వు గీసిన గీత. బండి తిరిగిందెంతో నడిపినాయన్ని అడిగి రాస్తా.”